బీకే వైరస్ వచ్చిందని మందులు తగ్గిస్తే కిడ్నీ రిజెక్ట్ అవుతుందా?

కర్నూలు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నకు 54 ఏళ్లు. ఏడు నెలల కిందట అమ్మ కిడ్నీ ఇచ్చారు, ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉండేది, ఈ నెల 1.6 వచ్చింది. జ్వరం లేదు, మూత్రం బాగానే వస్తోంది, మనిషి హుషారుగానే ఉన్నారు. రక్తంలో బీకే వైరస్ ఎంత ఉందో లెక్కించే పీసీఆర్ పరీక్ష చేస్తే ఒక ఎం.ఎల్.కు 14,000 కాపీలు వచ్చాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా (అదే రిజెక్షన్) వేసుకునే మైకోఫెనోలేట్ మందును డాక్టరు సగానికి తగ్గించి రెండు వారాలకు రమ్మన్నారు. "ఒక్క పూట కూడా మానొద్దని చెప్పిన మందునే ఇప్పుడు తగ్గించమంటే రిజెక్షన్ రాదా? వైరస్‌కు విడిగా మందు లేదా? ఇకముందు ఇలాంటివి రాకుండా ఏం చేయాలి? ఇంట్లో ఐదు నెలల పాపకు టీకాలు వేయిస్తున్నాం, దానివల్ల నాన్నకు ఇబ్బందా?"

ముందు సూటిగా జవాబు. మందు తగ్గించడమే బీకే వైరస్‌కు వైద్యం. దాన్ని చంపుతుందని రుజువైన మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ ఇప్పటివరకు లేదు. మీ నాన్నగారి సొంత రోగనిరోధక శక్తికి కొంచెం ఊపిరి ఆడనిస్తే అదే వైరస్‌ను అదుపులోకి తెస్తుంది. రిజెక్షన్ భయం అసలు లేదని చెప్పను, కొందరిలో వస్తుంది. అందుకే తగ్గించడం డాక్టరు లెక్క ప్రకారమే జరగాలి, తగ్గించిన ప్రతిసారీ క్రియాటినిన్ చూడాలి. అయితే 14,000 కాపీలతో, క్రియాటినిన్ పెరుగుతూ ఉండగా, మందు తగ్గించకుండా కూర్చుంటే కిడ్నీ పోయే ప్రమాదం అంతకంటే చాలా ఎక్కువ.

ఎందుకో చెప్తాను. బీకే వైరస్‌ను 1971లో ఒక కిడ్నీ మార్పిడి రోగి మూత్రంలో మొదట గుర్తించారు. మనలో ఎక్కువమందికి ఇది చిన్నప్పుడే మామూలు జలుబులా వచ్చిపోయి, తర్వాత కిడ్నీలోనూ మూత్రనాళంలోనూ నిద్రపోతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జీవితాంతం ఏ హానీ చేయదు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ మూడూ కలిసి రోగనిరోధక శక్తి కాపలా తీసేసరికి లేచి, కిడ్నీలోని సన్నని గొట్టాల కణాల్లో పెరగడం మొదలుపెడుతుంది. కణాలు పగిలి మొదట మూత్రంలోకి, కొన్ని వారాల తర్వాత రక్తంలోకి వస్తుంది. అప్పటికీ క్రియాటినిన్ మామూలుగానే ఉండొచ్చు. ఇంకొన్ని వారాలకు వాపు వచ్చి, ఆ వాపు ఎండి మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన భాగం తిరిగి రాదు. ఇంత జరిగినా జ్వరం రాదు, నొప్పి ఉండదు, మూత్రం తగ్గదు. "మనిషి హుషారుగా ఉన్నాడు కదా" అనే ధైర్యం ఈ ఒక్క జబ్బు విషయంలో పనికిరాదు.

ఇంకో మాట. ఈ వైరస్ చాలాసార్లు ఇచ్చిన కిడ్నీతోపాటే వస్తుంది. అందుకని ఇంట్లో ఎవరూ మీ అమ్మగారి కిడ్నీలో రోగం ఉందనే మాట అనకండి. అది ఆమెలో ఉంది, నాలో ఉంది, బహుశా మీలోనూ ఉంది. ఆమెకు దీనికోసం ఏ పరీక్షా అక్కర్లేదు. నాన్నగారి పళ్లెం, గ్లాసు వేరు చేయాల్సిన పని అసలే లేదు.

ఇక లెక్కలు. రక్తంలో 1,000 కాపీలు దాటి రెండు మూడు వారాలు అలాగే ఉన్నా, ఒక్కసారి 10,000 దాటినా మందు తగ్గించాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా పాటించే పద్ధతి. మీ నాన్నగారిది రెండో కోవలోకి వస్తుంది. సాధారణంగా వరుస ఇలా ఉంటుంది: మొదట మైకోఫెనోలేట్ సగం. రెండు నుంచి నాలుగు వారాలకు పీసీఆర్. సంఖ్య దిగకపోతే టాక్రోలిమస్ తగ్గించి, రక్తంలో దాని లెవెల్‌ను ఎం.ఎల్.కు 3 నుంచి 5 నానోగ్రాముల మధ్యకు తెస్తారు. అప్పటికీ లొంగకపోతే మైకోఫెనోలేట్ పూర్తిగా ఆపుతారు. కొందరు డాక్టర్లు ముందు టాక్రోలిమస్‌తో మొదలుపెడతారు, అదీ తప్పు కాదు. స్టెరాయిడ్ మాత్రం, సాధారణంగా ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా., అలాగే ఉంచుతారు. దాన్ని సొంతంగా ముట్టుకోవద్దు.

సగం అంటే మాత్ర విరగ్గొట్టడం కాదు. మైకోఫెనోలేట్ రెండు రకాలు. సోడియం రకం మాత్ర పొట్ట దాటి పేగులో కరిగేలా పైన పూత వేసి ఉంటుంది, విరగ్గొడితే ఆ పూత పోతుంది. పూటకు 720 మి.గ్రా. వేసుకునేవాళ్లు 360 మాత్ర ఒకటి వేసుకోవాలి, అంతే. రెండోది మోఫెటిల్ రకం. దానిలో పూటకు 1 గ్రాము ఉంటే 500 అవుతుంది. సోడియం 360, మోఫెటిల్ 500 దాదాపు సమానం. మెడికల్ షాపులో స్టాకు లేదని ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చి, అంకె ఒకటే చూసి వేసుకుంటే మోతాదు తారుమారవుతుంది. తగ్గించిన మోతాదును కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మందుల డబ్బాకు అతికించండి. పాత చీటీ చించేయండి.

బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, దాని గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సిన విషయం. 1.2 నుంచి 1.6 అంటే మూడో వంతు పెరిగినట్టు. అది బీకే వల్లా, రిజెక్షన్ వల్లా, టాక్రోలిమస్ ఎక్కువైపోయా అన్నది రక్తపరీక్ష ఒక్కదానితో తేలదు. రిజెక్షన్‌కు మందు పెంచాలి, బీకేకు తగ్గించాలి. రెండూ ఎదురెదురు దారులు. కాబట్టి మందు తగ్గించాక కూడా క్రియాటినిన్ ఎక్కుతూ పోతే బయాప్సీకి వెనకాడకండి. బీకే కిడ్నీ అంతటా ఒకేలా ఉండదు, అక్కడక్కడా ఉంటుంది, అందుకే కనీసం రెండు ముక్కలు తీస్తారు. ఆ ముక్కకు, కణాల్లో వైరస్‌ను చూపించే ఎస్‌వీ40 అనే రంగు పరీక్ష చేయించారా అని అడగండి. ముక్కలో వైరస్ కనబడకపోయినా రక్తంలో 10,000 పైన ఉంటే బీకే లేదని కొట్టిపారేయడానికి లేదు.

ఎంత కాలం పడుతుందని అందరూ అడుగుతారు. వారాలు కాదు, నెలలు. 14,000 నాలుగు వారాల్లో 2,000కు దిగితే బాగా దిగినట్టే. ఒక్కోసారి మందు తగ్గించిన మొదటి రెండు వారాల్లో సంఖ్య కదలదు, అంతమాత్రాన వైద్యం పనిచేయలేదనుకోవద్దు. క్రియాటినిన్ తిరిగి 1.2కే రావాలన్న పట్టు పట్టొద్దు. 1.4 దగ్గర నిలిచినా ఆ కిడ్నీ ఏళ్ల తరబడి పనిచేయగలదు. వైరస్ పూర్తిగా పోయాక డాక్టరు మందును కొంచెం పెంచవచ్చు, పెంచకపోవచ్చు. అంతవరకు పీసీఆర్ ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అదే రక్తానికి వేరే సంఖ్య వస్తుంది. ఒకరు కాపీల్లో రాస్తారు, ఇంకొకరు అంతర్జాతీయ యూనిట్లలో రాస్తారు, ఆ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చితే లేని భయమో లేని ధైర్యమో పుడుతుంది. మన ఊళ్లో చాలా ల్యాబులు శాంపిల్ తీసుకుని హైదరాబాదుకో బెంగళూరుకో పంపుతాయి. ఏ ల్యాబుకు వెళ్తోందో అడిగి రాసి పెట్టుకోండి.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ బీకేను ఆపుతాయని ఒకప్పుడు నమ్మారు. పరీక్షించి చూస్తే ఉపయోగం కనబడలేదు. సిడోఫోవిర్ అనే యాంటీవైరల్ మందు కిడ్నీనే దెబ్బతీయగలదు. కీళ్లవాతానికి వాడే లెఫ్లూనమైడ్ బీకేకు పనిచేస్తుందని గట్టిగా రుజువు కాలేదు. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలుండే ఐవీఐజీ ఇంజెక్షన్లు కొన్ని మొండి కేసుల్లో డాక్టర్లు వాడతారు, ఖరీదు చాలా ఎక్కువ. మొదటి మెట్టులోనే వీటికోసం అప్పు చేయకండి.

ఇప్పుడు మన వైపు నుంచి వెళ్లే రోగుల్లో పదే పదే కనబడే ఒక పొరపాటు. టాక్రోలిమస్ లెవెల్ పరీక్షకు రక్తం, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు ఇవ్వాలి. కర్నూలులో తెల్లవారుజామున బస్సెక్కేటప్పుడు "పూట తప్పకూడదు" అని మాత్ర వేసేసుకుంటారు, పది గంటలకు హైదరాబాదులో రక్తం ఇస్తారు. లెవెల్ 14 అని వస్తుంది. నిజానికి అది 6 ఉండొచ్చు. ఆ 14 చూసి డాక్టరు మోతాదు కోస్తారు, మైకోఫెనోలేట్ అప్పటికే సగం అయి ఉంటుంది, రెండు మందులూ ఒకేసారి తగ్గిపోతాయి. బీకేలో రిజెక్షన్ వచ్చిన కొందరి వెనక ఈ లెక్క తప్పే ఉంటుంది. రాత్రి 8కి వేసుకునేవారైతే మరుసటి పొద్దున 8కి ఊళ్లోనే రక్తం ఇచ్చి, అప్పుడు మాత్ర వేసుకుని, రిపోర్టు తీసుకుని ప్రయాణం పెట్టుకోండి. లేదా మాత్ర జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి.

ఇకముందు సంగతి. బీకే విషయంలో ట్రాన్స్‌ప్లాంట్ అయిన వాళ్లందరికీ మొదటి తొమ్మిది నెలలు నెలనెలా, తర్వాత రెండేళ్లు నిండేవరకు మూడు నెలలకోసారి రక్తం పీసీఆర్ చేయాలని ఇప్పటి సిఫారసు. రిజెక్షన్‌కు గట్టి మందులు ఇచ్చినప్పుడు మళ్లీ మొదటినుంచి చూడాలి. ఖర్చుకు భయపడి చాలామంది క్రియాటినిన్ పెరిగాక చేయించుకుంటారు. క్రియాటినిన్ ఎక్కకముందు దొరికితే కిడ్నీ దాదాపు పూర్తిగా నిలబడుతుంది, అదే ఈ పరీక్ష విలువ.

రెండో పెద్ద వైరస్ సీఎంవీ, సైటోమెగలో వైరస్. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికుల ఒంట్లో ఇది ముందే ఉంటుంది. బీకేలా కాదు, దీనికి జ్వరం వస్తుంది, నీరసం, విరేచనాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం ఉంటాయి. దీనికి మందు ఉంది. మొదటి మూడు నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇచ్చేది దీనికోసమే. మాత్ర ఖరీదైనది కావడంతో రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు ఉంటారు, అలా చేస్తే వైరస్ ఆ మందుకు మొండికేస్తుంది. మోతాదు కిడ్నీ పనితీరును బట్టి డాక్టరే తగ్గించాలి. ఆ కోర్సు ఆపిన తర్వాతి మూడు నెలలే అసలు జాగ్రత్త కాలం. మీ నాన్నగారు ఏడో నెలలో ఉన్నారు కాబట్టి ఆ గండం చాలావరకు దాటినట్టే, కానీ ఎప్పుడైనా తెల్లకణాలు 3,000 కిందికి వస్తే ఊరుకోవద్దు. సీఎంవీ, మైకోఫెనోలేట్, వాల్‌గాన్‌సైక్లోవిర్, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ నాలుగూ తెల్లకణాలను తగ్గించగలవు. ఏది ఆపాలో ఇంట్లో కూర్చుని తేల్చుకునే పని కాదు. పేగుల్లో సీఎంవీ ఉన్నప్పుడు రక్తం పీసీఆర్ ఒక్కోసారి ఏమీ చూపించదు, కాబట్టి తగ్గని విరేచనాలకు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి గొట్టం వేసి చూడడం) అడిగితే ఒప్పుకోండి.

మన జిల్లాల్లో వానలు పడ్డాక డెంగీ, చికున్‌గున్యా వస్తాయి. వైరస్ కంటే ఎక్కువగా అప్పుడు వేసుకునే మందులే కిడ్నీని చెడగొడతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పుల సూది సాధారణంగా డైక్లోఫెనాక్. ఒంట్లో నీరు తగ్గి, టాక్రోలిమస్ కూడా ఉన్నప్పుడు ఆ ఒక్క సూదితో క్రియాటినిన్ రెట్టింపు కావచ్చు. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దు, 500 లేదా 650 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో. ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్, నిమెసులైడ్ ఏవీ వద్దు. జ్వరం 100 దాటిందంటే అదే రోజు రక్తకణాల లెక్క, క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్, మొదటి ఐదు రోజుల్లో అయితే డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష, ఇవన్నీ చేయించాలి. మామూలు మనుషుల్లాగా మూడు రోజులు చూద్దామనుకోకూడదు.

విరేచనాలయితే టాక్రోలిమస్ లెవెల్ పడిపోతుందని అందరూ అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. పేగు పొర దెబ్బతిన్నప్పుడు మందు రక్తంలోకి ఎక్కువగా ఎక్కుతుంది. చేతులు వణకడం, తలనొప్పి, క్రియాటినిన్ పెరగడం కనిపిస్తాయి. ఎండాకాలంలో కర్నూలు ఎండకు నీరు తగ్గడమూ తోడైతే నాలుగు రోజుల్లో ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టి, రెండో రోజుకల్లా లెవెల్ చేయించండి. వాంతి విషయం: మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతయితే మళ్లీ వేసుకోవచ్చు, గంట దాటితే వద్దు. మధ్యలో అయితే డాక్టరుకు ఫోను చేయండి. స్టెరాయిడ్ మాత్ర ఒక రోజంతా నిలవకపోతే ఇంట్లో ఉండొద్దు, అది సూది ద్వారా ఎక్కించాల్సిందే.

దగ్గు, గొంతునొప్పికి బయట డాక్టరు దగ్గరికి వెళ్తే "నాకు కిడ్నీ మార్చారు, టాక్రోలిమస్ వాడుతున్నాను" అన్నది మొదటి మాట కావాలి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ టాక్రోలిమస్‌ను అమాంతం పెంచుతాయి. కోవిడ్‌కు వాడే నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ అయితే ప్రమాదకరమైన స్థాయికి తీసుకుపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఉల్టా, లెవెల్‌ను పడగొడుతుంది. కొందరికి టాక్రోలిమస్ తక్కువ మోతాదుతో సరిపోవాలని డిల్టియాజెమ్ కావాలనే కలిపి ఇస్తారు. అది బీపీ మాత్రే కదా అని ఇంకో డాక్టరు మార్చేస్తే లెవెల్ కూలిపోతుంది. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినొద్దు.

తిప్పతీగ కషాయం, రోగనిరోధక శక్తి పెంచుతాయని అమ్మే పొడులు, కామెర్లకు పోసే పసరు, ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం, వీటన్నిటినీ ప్రేమతోనే తెచ్చిస్తారు. కానీ మనం మందులతో కొలిచి తగ్గిస్తున్న శక్తినే అవి కొలత లేకుండా కదిలించవచ్చు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఏదీ వద్దు. "మందు తగ్గించారు కదా, ఇది తాగితే వైరస్ తొందరగా పోతుంది" అని ఎవరైనా అంటారు, ముఖ్యంగా ఇప్పుడే అంటారు.

డయాలసిస్ చేయించుకుని ఉంటే హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఏడాదికోసారైనా చేయించండి. మందుల వల్ల సీ యాంటీబాడీ కనబడకపోవచ్చు, కాలేయం ఎంజైములు పెరిగితే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయాలి. ఇప్పుడు హెపటైటిస్ సీ సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. ఈబీవీ అనే ఇంకో వైరస్ అరుదుగా లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు దారితీస్తుంది. మెడలో, చంకలో, గజ్జల్లో తగ్గని గడ్డ, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం ఉంటే చూపించండి. నడుము మీదో ఛాతీ మీదో ఒకే పక్క మంటతో పొక్కులు లేస్తే అది సర్పి. మంత్రం వేయించడానికీ ఎర్రమట్టి పూయడానికీ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు. యాంటీవైరల్ మందు మూడు రోజుల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది.

టీకాల్లో నాన్నగారికి ప్రాణం ఉన్న వైరస్‌తో చేసినవి వద్దు: ఆటలమ్మ టీకా, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా), పోలియో చుక్కలు, ఎల్లో ఫీవర్, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా. ఫ్లూ సూది ఏటా వేయించాలి. హెపటైటిస్ బీ యాంటీబాడీ 10 కంటే తక్కువుంటే మళ్లీ డోసులు వేయించాలి. సర్పికి ప్రాణంలేని రకం టీకా రెండు డోసులది మన దగ్గర దొరుకుతోంది, ధర ఎక్కువే. బీకే అదుపులోకి వచ్చి మందులు నిలకడ అయ్యాక డాక్టరును అడగండి.

పాప విషయం. పాపకు టీకాలు ఆపొద్దు, ఆపితేనే తాతకు ప్రమాదం. ఇంట్లో మిగతావాళ్లంతా కూడా ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. తొమ్మిది నెలలకు వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వల్ల నాన్నగారికి ఇబ్బంది లేదు. జాగ్రత్త పడాల్సింది నోట్లో వేసే పోలియో చుక్కలు, రోటా చుక్కల దగ్గర. ఆ వైరస్ కొన్ని వారాలు పాప మలంలో వస్తుంది. పిల్లల డాక్టరుకు ఇంట్లో కిడ్నీ మార్చిన మనిషి ఉన్నారని చెప్పి, ఇకముందు పోలియోకు సూది టీకా అడగండి. పల్స్ పోలియో ఆదివారం బూత్‌కు వెళ్లేముందు కూడా ఆయన్నే అడిగి వెళ్లండి. ఇటీవల చుక్కలు వేయించి ఉంటే నెలన్నర పాటు గుడ్డలు మార్చడం, కడగడం నాన్నగారు చేయకూడదు. చేసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని పాపను ఆయనకు ఇవ్వండి, ఎత్తుకోవచ్చు, ఆడించవచ్చు. ఏడాది దాటాక ఆటలమ్మ టీకా వేయిస్తే, ఆ తర్వాత ఒంటిమీద పొక్కులు లేచినప్పుడు మాత్రం అవి ఎండేవరకు వేరుగా ఉంచాలి. పక్కింట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసి, నాన్నగారు వాళ్లతో ఒకే గదిలో కూర్చుని ఉంటే, పొక్కులు వచ్చేదాకా చూడకుండా ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు ఫోను చేయండి. ముందే ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ దాని ప్రయోజనం తగ్గుతుంది, పది రోజులు దాటితే ఇవ్వరు.